చెరువు ఎస్టిమేట్ అయిపోయాక మొక్కలకి పిలుస్తున్నారు, పాలసీ దగ్గరే మాట్లాడాలంటే ఎలా? (ఒడిశాలో గంజాం, గజపతి, రాయగడ వాళ్ళు చూడండి)

మొగలిపొద (బరంపురం)

అందరికీ నమస్తే. నేను లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ని (నేల వాలు, నీళ్ళ దారి, చెట్లు అన్నీ కలిపి స్థలాన్ని డిజైన్ చేసే పని), విజయవాడ ఎస్పీఏ (ప్లానింగ్, ఆర్కిటెక్చర్ కాలేజీ)లో మాస్టర్స్ చేసి మళ్ళీ మన బరంపురమే వచ్చేశాను. ఇక్కడ నా పనేంటో చెప్తే చాలామంది "ఓ, గార్డెన్లు వేస్తారా" అంటారు. దానికి బాధ లేదు, గార్డెన్లు కూడా వేస్తాం. బాధ వేరే ఉంది.

ఈమధ్య ఒక చెరువు పనికి పిలిచారు, పని నడుస్తోంది కాబట్టి ఏ చెరువో రాయను. చుట్టూ కాంక్రీట్ రిటైనింగ్ వాల్, దాని మీద పేవర్ బ్లాకులతో వాకింగ్ ట్రాక్, మధ్యలో ఫౌంటెన్, రంగు లైట్లు, అన్నీ సాంక్షన్ అయిపోయి టెండర్ కూడా అయిపోయింది, ఇప్పుడు మేడం మొక్కలు ఎక్కడెక్కడ పెట్టాలో ఒక డ్రాయింగ్ ఇచ్చేయండి అన్నారు. సైట్‌కి వెళ్ళి చూస్తే పడమటి వైపు నుంచి చెరువులోకి నీళ్ళు తెచ్చే గెడ్డ ఒకటి ఉంది. పిచ్చి మొక్కలు మొలిచి కాలిబాటలాగా అయిపోయింది గాని అక్కడ ఉండే మామ్మని అడిగితే తుఫానుకి మోకాలి లోతు పారుతుందమ్మా అంది. డ్రాయింగ్‌లో ఆ గెడ్డ లేనే లేదు. గోడ దానికి అడ్డంగా వెళ్ళిపోతోంది. అంటే రేపు వాన పడితే ఆ నీళ్ళు చెరువులోకి పోవు, ఆ వీధి ఇళ్ళలోకి పోతాయి, చెరువు మాత్రం మార్చికల్లా అడుగు కనిపిస్తుంది. చెప్పాను. ఎస్టిమేట్ మారదు మేడం అన్నారు.

ఒక్క చెరువు గురించి పోట్లాడి లాభం లేదని నాకు అర్థమైంది. రూల్ రాసేటప్పుడు, రేటు కట్టేటప్పుడు, మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్ బయట పెట్టేటప్పుడు మా వృత్తి వాళ్ళు అక్కడ ఉండాలి. ఫైలిన్, తిత్లీ తుఫాన్లు చూసిన జిల్లాలు మనవి, వాతావరణం మారుతోందని మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఎలా మొదలుపెట్టాలి? ఇంజినీర్లు, వకీళ్ళు, ఊరి పెద్దలు ఎవరైనా సరే, తోచింది రాయండి.

రిటైర్డ్ జేఈ (బరంపురం)

అమ్మా, నేను మునిసిపల్ పనుల్లోనే సర్వీసంతా చేసి రిటైరయ్యాను, లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మీరు అనుకున్నట్టు ఎవరికీ గెడ్డ మీద పగ లేదు. జేఈ (జూనియర్ ఇంజినీర్) ఎస్టిమేట్ వేయాలంటే షెడ్యూల్ ఆఫ్ రేట్స్‌లో, అంటే ప్రభుత్వ రేటు పుస్తకంలో, ఐటెం ఉండాలి. ఆర్‌సీసీ గోడకి ఐటెం ఉంది, పేవర్ బ్లాకుకి ఉంది, లైటు స్తంభానికి ఉంది. గెడ్డ నోరు తెరిచి, రాళ్ళు పేర్చి, గడ్డి వేసి, మట్టి ఆగడానికి చిన్న గుంట తవ్వి నీళ్ళు వదిలే పనికి మొత్తంగా ఒక ఐటెం అంటూ లేదు. ఐటెం లేకపోతే నాన్-షెడ్యూల్ అంటారు, దానికి రేట్ అనాలిసిస్ వేసి పైకి పంపాలి, పైనుంచి క్వెరీ వస్తుంది, సమాధానం రాయాలి, ఈలోపు మార్చి నెల వచ్చేస్తుంది, డబ్బు ల్యాప్స్ అయిపోతుంది. ఏ జేఈ అయినా ఏం చేస్తాడు? గోడ వేసేస్తాడు. మెజర్‌మెంట్ బుక్కులో మీటర్లు కనిపిస్తాయి, ఆడిట్‌కి ఇబ్బంది ఉండదు.

అందుకని మీ వృత్తి సంఘం వాళ్ళు మంత్రి గారికి వినతిపత్రం ఇచ్చి ఫోటో దిగడం కంటే ముందు ఒక పని చేయాలి. గడ్డి కాలువ మీటరుకి ఎంత, మట్టి ఆపే గుంట ఒకటికి ఎంత, గట్టు మీద వట్టివేరు నాటి రెండేళ్ళు నీళ్ళు పోయడానికి ఎంత, ఇవన్నీ కూలీ, మెటీరియల్ విడగొట్టి రేట్ అనాలిసిస్ తయారు చేసి ఇంజినీర్ ఇన్ చీఫ్ ఆఫీసు దాకా తీసుకెళ్ళండి. రేటు పుస్తకంలోకి ఎక్కితే ఒక్క చెరువేం, రాష్ట్రంలో అన్ని చెరువులకీ పనికొస్తుంది. కేంద్రం వాళ్ళ 2019 స్టార్మ్ వాటర్ (వాన నీటి కాలువల) మాన్యువల్‌లో కూడా వాన నీటిని పడిన చోటే ఆపడం గురించి ఉంది, ఆధారం కావాలంటే అది చూపించవచ్చు.

పెళ్ళయిపోయాక జాతకాలు చూడమన్నట్టు మిమ్మల్ని టెండర్ అయ్యాక పిలుస్తున్నారు, అది మాత్రం నిజం.

భువనేశ్వర్ హాస్టల్

అక్కా, నేను బీఆర్క్ నాలుగో సంవత్సరం, మాది ఛత్రపూర్. ఈ టాపిక్ మీదే సెమినార్ పేపర్ రాస్తున్నా కాబట్టి నాకు తెలిసింది పెడతాను.

అమెరికాలో లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ల సొసైటీ 1899లోనే పెట్టారు. వాళ్ళు ప్రతి ఏడాది సభ్యుల్ని వాషింగ్టన్ తీసుకెళ్ళి ఎవరి నియోజకవర్గం ప్రతినిధిని వాళ్ళే కలిసేలా చేస్తారు, 2018లో వాతావరణ మార్పుకి ఎలాంటి పాలసీలు కావాలో ఒక రిపోర్టు కూడా బయటపెట్టారు. అన్ని దేశాల సంఘాలు కలిసిన ఇఫ్లా 1948లో పుట్టింది, అది 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సు టైంలో క్లైమేట్ కమిట్‌మెంట్ ప్రకటించింది. మన దేశంలో ఇసోలా అనే సంఘం 2003లో వచ్చింది, అది ఇఫ్లాలో సభ్యురాలు. కానీ మన దగ్గర ఒక పెద్ద తేడా ఉంది అక్కా. అమెరికాలో యాభై రాష్ట్రాల్లోనూ లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌కి లైసెన్సు ఉంది, ఇక్కడ 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ఆర్కిటెక్ట్ అనే పేరునే కాపాడుతుంది, లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌కి విడిగా చట్టం లేదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో పదో భాగం లాండ్‌స్కేప్ గురించే ఉంది, అది ఎంతమంది తెరిచి చూస్తారో తెలీదు గాని.

చైనాలో యూ కాంగ్జియన్ అనే లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ చేసింది ఇంకా గట్టి పని. ఏళ్ళ తరబడి మేయర్లకి లెక్చర్లిస్తూ, నదులకి కాంక్రీట్ కట్టొద్దని చెప్తూ వచ్చారు. 2012 జులైలో బీజింగ్‌లో వరదకి 79 మంది చనిపోయాక ప్రభుత్వం ఆ మాట వినడం మొదలుపెట్టింది, 2015లో 16 నగరాల్లో స్పాంజ్ సిటీ (వాన నీటిని నగరం నేలే పీల్చుకునేలా చేయడం) పైలట్ పెట్టారు, 2030 నాటికి నగరాల్లో 80 శాతం ప్రాంతం కురిసిన వానలో 70 శాతం పట్టుకోవాలని టార్గెట్. ఆయన 2025 సెప్టెంబరులో బ్రెజిల్‌లో విమాన ప్రమాదంలో చనిపోయారు. మా క్లాసులో చాలా మందికి ఆయనంటే ప్రాణం.

గాంధీనగర్ వాసి

కొంచెం కటువుగా రాస్తున్నా, తప్పుగా అనుకోకండి. కన్సల్టెంట్లు పాలసీ గురించి మాట్లాడుతుంటే మాలాంటి వాళ్ళకి ఒక అనుమానం వస్తుంది. ప్రతి చెరువు ప్రాజెక్టులో లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ తప్పనిసరి అని రూల్ వస్తే ఆ పనులు ఎవరికొస్తాయి? మీకే కదా. వాతావరణం పేరు చెప్పి సొంత మార్కెట్ పెంచుకోవడం అవుతుంది. మా వీధిలో డ్రైనేజీ పొంగుతుంటే ఒకాయన వచ్చి ప్రెజెంటేషన్ ఇచ్చి రెయిన్ గార్డెన్ (వాన నీళ్ళు ఇంకే మొక్కల గుంట) బొమ్మలు చూపించి వెళ్ళిపోయాడు, ఆ తర్వాత కాలువలో పూడిక తీయించింది మా వార్డు వాళ్ళే. మీరు మంచి మనసుతో రాశారని కనిపిస్తోంది, అయినా ఈ ప్రశ్నకి జవాబు లేకుండా వెళ్తే ఆఫీసుల్లో కూడా ఇదే అడుగుతారు.

మొగలిపొద (బరంపురం)

@గాంధీనగర్ వాసి గారూ, ఈ ప్రశ్న రావాల్సిందే, నేను దీని గురించి చాలా ఆలోచించాను. నా ఉద్దేశంలో మా వాళ్ళు "మమ్మల్ని పెట్టుకోండి" అని అడగడం తక్కువ చేయాలి, "ఈ పని ఇలా జరగాలి" అని అడగడం ఎక్కువ చేయాలి. గెడ్డ సర్వే లేకుండా ఏ చెరువు డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు రిపోర్టు) కూడా సాంక్షన్ చేయకూడదు అనే రూల్ అడిగితే, ఆ సర్వే ప్రభుత్వ సర్వేయరే చేస్తాడు, నాకు రూపాయి రాదు, ఆ వీధి మాత్రం మునగదు. రెండోది, మనం ఇచ్చే మెమొరాండం (వినతిపత్రం) మీద సంతకం పెట్టిన వాళ్ళు ఆ ప్రాజెక్టుకి టెండర్ వేయం అని అందులోనే రాసిద్దాం. మొదటి సంతకం నాదే పెడతాను.

పూడిక తీయించిన మీ వార్డు వాళ్ళు నాకు కావాలి సార్. మా దగ్గర డ్రాయింగు ఉంటుంది, ఏ నెలలో ఏ మలుపు దగ్గర నీళ్ళు ఆగుతాయో మీ దగ్గర ఉంటుంది. రెండూ కలిస్తేనే ఆ కాగితానికి బలం.

@రిటైర్డ్ జేఈ గారూ, రేట్ అనాలిసిస్ మాట నాకు ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్ళూ. కాలేజీలో కూడా చెప్పరు. మీరు కూర్చోబెట్టి నేర్పిస్తే రాసేస్తాను.

రేవు కుర్రాడు (గోపాల్‌పూర్)

అక్కా మీ పేరు మొగలిపొద అని చూసి ఆగాను. మాది సముద్రం ఒడ్డు, ఇంట్లో తెలుగే, బడిలో ఒడియా. మీరంతా చెరువు గురించి రాస్తన్నారు, ఒడ్డు సంగతి కూడా ఈ కాగితంలో పెట్టండి.

మా ఒడ్డున ముందు ఇసుక దిబ్బలు, దిబ్బల మీద మొగలి, దాని ఎనకాల తాటి, పొన్న చెట్లు ఉండేవని మా తాత చెప్తాడు. తర్వాత సరుగుడు వేసుకుంటూ వచ్చినారు. సరుగుడు గాలి ఆపుతుంది కాదని అనను, కట్టెలకీ పనికొస్తుంది, గాని 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చినప్పుడు తోటలకి తోటలే పడిపోయినాయి. మొగలి కూడా దెబ్బ తిన్నాది, అయితే దాని ఏర్లు దిబ్బని పట్టుకునే ఉంటాయి, మళ్ళీ చిగురేసింది. పైగా మొగలి పువ్వు అంటే మా రంగైలుండ, ఛత్రపూర్ వైపు ఎంత మందికి బతుకుదెరువో బయటోళ్ళకి తెలీదు, గంజాం కేవడా (మొగలి) రూహ్‌కి, అంటే దాని నూనెకి, జీఐ (ఊరి పేరు మీద గుర్తింపు) కూడా ఉంది. బీచ్ బాగు చేస్తాం అని దిబ్బ చదును చేసి, మొగలి పీకేసి లాన్ వేసి బెంచీలు వేస్తే మా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఆ దిబ్బ మా ఇంటికి గోడ.

ఇంకోటి ఏటంటే పొడంపేట. రుషికుల్య మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఉన్న ఊరు, సముద్రం తినేసింది, జనాన్ని వేరే చోటికి మార్చినారు. ఇసుక మన ఒడ్డున ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, మధ్యలో ఎక్కడ రాళ్ళ కట్ట అడ్డం వేసినా దానికి దక్షిణాన ఇసుక పేరుతుంది, ఉత్తరాన ఒడ్డు కోసేస్తుంది, ఇది మాకు చదువుకోకుండానే తెలుసు. కోత వచ్చినచోట మళ్ళీ రాళ్ళు పోస్తారు, అప్పుడు ఆ పక్క ఊరికి కోత. ఊరు ఊరుకీ విడివిడిగా ఎస్టిమేట్ వేస్తే ఇలాగే ఉంటుంది. మొత్తం ఒడ్డుని ఒకటిగా చూసే ప్లాను కావాలని రాయండి. తాబేళ్ళ సంగతి కూడా, రుషికుల్య మొగలో ఒలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టే కాలంలో ఒడ్డున ఆ ఫ్లడ్ లైట్లు వద్దు, పిల్లలు సముద్రం వైపు కాకుండా లైటు వైపు పోతాయి.

ఆఖరి మాట. మీటింగులకి మమ్మల్ని పిలుస్తారు, అక్కడ కన్సల్టెంటు ఇంగ్లీషులో మాట్లాడతాడు, ఆఫీసరు ఒడియాలో మాట్లాడతాడు, మా పెద్దోళ్ళు తెలుగులో గొణుక్కుని వచ్చేస్తారు. రిజిస్టరులో మాత్రం ప్రజలు అంగీకరించారు అని ఉంటాది.

ఛత్రపూర్ వకీలు

రేవు తమ్ముడు రాసినదానికి చట్టం వైపు నుంచి కలుపుతాను. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్‌లో ఇసుక దిబ్బలు, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లు ఒకటి-ఏ కేటగిరీలో ఉన్నాయి, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ. కాబట్టి దిబ్బ చదును చేయొద్దని మనం అడుక్కునేది కాదు, ఉన్న రూలు అమలు చేయమని అడుగుతున్నాం. రాసేటప్పుడు ఆ తేడా కనబడాలి. గోపాల్‌పూర్ నుంచి చిలికా దాకా ఒడ్డుని ఒక యూనిట్‌గా తీసుకుని 2010లో ప్రపంచ బ్యాంకు సాయంతో తీర నిర్వహణ ప్రాజెక్టు మొదలైంది కూడా, అంటే ఒడ్డుని ఒకటిగా చూడటం ప్రభుత్వానికి కొత్త కాదు.

చెరువుల దగ్గర మాత్రం చిక్కుంది. చాలామంది 2017 వెట్‌ల్యాండ్ (చిత్తడి నేలల) రూల్స్ చూపిస్తారు, కానీ ఆ రూల్స్‌లో సాగునీటికోసం, తాగునీటికోసం మనుషులు తవ్విన చెరువుల్ని నిర్వచనం నుంచి తీసేశారు. మన ఊళ్ళల్లో చెరువులు చాలామట్టుకు అవే. మన జిల్లాలో తంపరా సరస్సు 2021లో రామ్సర్ సైట్ (అంతర్జాతీయ గుర్తింపున్న చిత్తడి నేల) అయింది, దాని కథ వేరు. ఊరి చెరువుకి పట్టుకోవాల్సింది రెవెన్యూ రికార్డు, పట్టాలో కిసం (భూమి రకం) జలాశయం అని ఉందా లేదా. ఉంటే సుప్రీంకోర్టు 2001 హించ్ లాల్ తివారీ తీర్పు, 2011 జగ్‌పాల్ సింగ్ తీర్పు (రెండూ ఊరి చెరువుల్ని ఆక్రమణ నుంచి కాపాడమన్నవే) మనకి అండ. గెడ్డ కూడా రికార్డులో విడిగా ఉందేమో తహసీల్ ఆఫీసులో పాత మ్యాపు తీయించండి. 1936 ఏప్రిల్ 1కి ముందు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి కొన్ని పాత రికార్డులు అక్కడి లెక్కన ఉంటాయి, ఓపిగ్గా వెతకాలి.

డీపీఆర్ కాపీ సమాచార హక్కు కింద అడగండి. ఒడిశాలో ఫారం ఏ నింపాలి, పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. డీపీఆర్ చేతిలో లేకుండా వాదించొద్దు, ఇది అనుభవంతో చెప్తున్నా.

రిటైర్డ్ జేఈ (బరంపురం)

హాస్టల్ బాబు స్పాంజ్ సిటీ గురించి బాగా రాశాడు, కానీ సగమే రాశాడు. 2021 జులై 20న చైనాలో జెంగ్‌జౌ నగరంలో ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్లు కురిసింది, మెట్రో రైల్లో జనం చనిపోయారు. అది కూడా స్పాంజ్ సిటీ కింద బోలెడు ఖర్చు పెట్టిన నగరమే. నేను ఇది ఎగతాళిగా చెప్పడం లేదు. మెమొరాండంలో "గడ్డి కాలువలు వేస్తే వరద రాదు" అని ఒక్క లైను ఉన్నా ఇంజినీర్లు దాన్ని పట్టుకుని మొత్తం పక్కన పడేస్తారు. మామూలు వానకి నేల తాగుతుంది, తుఫాను వానకి నీళ్ళు పోయే దారి కావాలి, రెండూ వేరు వేరు. తుఫాను వానకి మన ఊళ్ళో ఉన్న ఒకే దారి గెడ్డలు. వాటిని మూసేసి ఎన్ని రెయిన్ గార్డెన్లు వేసినా లాభం లేదు.

భువనేశ్వర్ హాస్టల్

అవును సార్, జెంగ్‌జౌ సంగతి పేపర్లో పెడతాను. యూ కాంగ్జియన్ కూడా నదికి చోటు వదలమనే చెప్పారు, ఊరికే పార్కులు వేయమని కాదు. మన దగ్గరి ఉదాహరణ ఒకటుంది కదా, చిలికా. సరస్సు పూడిపోతుంటే 1993లో మాంట్రూ రికార్డులోకి (దెబ్బతింటున్న రామ్సర్ సైట్ల జాబితా) ఎక్కింది, 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తెరిచారు, ఉప్పునీళ్ళు వచ్చి చేపలు పెరిగాయి, 2002లో ఆ రికార్డు నుంచి తీసేశారు, రామ్సర్ అవార్డు కూడా వచ్చింది. నీళ్ళ దారి తెరిస్తే ఏమవుతుందో మన పక్కనే కనిపించింది.

పర్లాకిమిడి మాస్టారు

నమస్కారం. ఆలస్యంగా చూశాను. మీ చర్చ అంతా కింద నీళ్ళు ఎక్కడికి పోవాలి అనే దాని చుట్టూ ఉంది, ఆ నీళ్ళు బయలుదేరే చోట మేం ఉంటాం.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, సముద్రానికి ఇంత దూరంలో ఉన్నాం మనకేం అనుకున్నారు మా జిల్లాలో చాలా మంది. గజపతి కొండల మీద కురిసిన వానకి బరఘర గ్రామంలో కొండ విరిగిపడింది, వాన నుంచి తప్పించుకోడానికి గుహలాంటి చోట తల దాచుకున్న వాళ్ళు చాలా మంది చనిపోయారు. ఆ సవర కుటుంబాల పిల్లలకి పాఠాలు చెప్పిన వాళ్ళు నా సహోద్యోగులు, ఆ వారం మేమెవ్వరం సరిగ్గా అన్నం తినలేదు. తుఫాను అంటే తీరం అని రాసుకున్న ప్రణాళికలో కొండకి చోటు లేకపోయింది.

నేను లాండ్‌స్కేప్ శాస్త్రం చదువుకోలేదు. కానీ మీ వృత్తి వాళ్ళు ఒక మ్యాపు వేస్తారు కదా, ఏ వాలు ఎంత నిటారు, నీళ్ళు ఎటు దిగుతాయి, ఎక్కడ చెట్లు పోయాయి, ఎక్కడ రోడ్డు కోసం కొండ అంచు కోశారు, అవి ఒకదాని మీద ఒకటి పెట్టి చూపిస్తారు. ఆ మ్యాపు ప్రతి పంచాయతీ గోడ మీద ఉండాలి. ఈ వాన వస్తే ఫలానా పాడ (చిన్న పల్లె) వాళ్ళు ఫలానా చోటికి వెళ్ళాలి అని ముందే తెలియాలి. తీరంలో సైక్లోన్ షెల్టర్లు కట్టారు, 1999 సూపర్ సైక్లోన్‌కి పదివేల మంది పోయిన రాష్ట్రం, ఫైలిన్‌కి దగ్గర దగ్గర పది లక్షల మందిని ముందే తరలించి కాపాడింది. అంత శ్రద్ధ కొండకీ కావాలి. పోడు చేసుకునే వాళ్ళ మీద నెపం వేసి కొందరు తప్పించుకుంటారు, రోడ్డు కోసిన అంచు గురించి ఒక్కరు మాట్లాడరు.

ఇంకో మాట. మా లుబ్బ వైపు కొండల్లో పుట్టిన బాహుదా నది ఆంధ్రలోకి వెళ్ళి, ఇచ్ఛాపురం పక్కన పారి, మళ్ళీ ఒడిశాలోకి వచ్చి సున్నాపూర్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒక నదికి రెండు రాష్ట్రాల రెండు ఎస్టిమేట్లు. పైన వాళ్ళు గట్టు ఎత్తు పెంచితే కింద వాళ్ళ పొలం మునుగుతుంది. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన మనలాంటి వాళ్ళు ఈ నది గురించి రెండు ప్రభుత్వాలకీ ఒకే కాగితం రాయగలం, ఇంకెవరు రాస్తారు?

నాగావళి ఒడ్డు (రాయగడ)

మాస్టారూ మీరు రాసింది చదివి కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను.

మాది రాయగడ. 2017 జులైలో నాగావళికి వచ్చిన వరద తేరువలి దగ్గర రైలు వంతెనని కొట్టుకుపోయింది. నేను స్వయం సహాయక సంఘాలతో పని చేస్తాను, ఒక విషయం చెప్పాలి. 2020లో కోవిడ్ టైంలో ఒడిశా ప్రభుత్వం పట్టణాల్లో కూలి పనుల పథకం పెట్టింది, తర్వాత దాన్నే ముక్త అన్నారు. అందులో చాలా పనులు మహిళా సంఘాలే చేశాయి, ఇంకుడు గుంతలు, కాలువలు, చిన్న పార్కులు. అంటే పెద్ద కాంట్రాక్టరు లేకుండా ఆడవాళ్ళ చేత నీటి పనులు చేయించిన అనుభవం మన రాష్ట్రానికి ఉంది. జేఈ గారు చెప్పిన రెండేళ్ళు నీళ్ళు పోసే ఐటెం ఉంది చూశారా, అది సంఘాలకి ఇస్తే మొక్క బతుకుతుంది. నాటేసి బిల్లు పెట్టి వెళ్ళిపోయే పద్ధతిలో బతకదు. మెమొరాండంలో మెయింటెనెన్స్ డబ్బు విడిగా చూపించమని తప్పకుండా రాయండి, నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది.

గాంధీనగర్ వాసి

ఎండ గురించి ఎవరూ రాయలేదు. తుఫాను ఏడాదికి ఒకసారి, ఎండ మూడు నెలలు. 1998లో ఒడిశాలో వడగాల్పులకి రెండు వేల మందికి పైగా చనిపోయారు, ఆ తర్వాతే ప్రభుత్వం ఎండని కూడా విపత్తుగా చూడటం మొదలెట్టింది. ఇప్పుడు మా రోడ్డు వెడల్పు చేశారు, వేపలు, కానుగలు కొట్టేశారు, బస్సు కోసం నిలబడే ముసలాళ్ళకి నీడ లేదు. మిగిలిన నాలుగు చెట్లకి మొదలు దాకా కాంక్రీట్ పోసేశారు.

మొగలిపొద (బరంపురం)

సార్ ఇది మా పనిలో మరీ ముఖ్యమైనది, నేనే ముందు రాయాల్సింది. చెట్టు మొదలు చుట్టూ మీటరు మేర కాంక్రీట్ తీసేయమని 2013లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఢిల్లీకి ఆర్డర్ ఇచ్చింది, వకీలు గారు ఆ కాపీ జతచేయగలరు. వేరుకి గాలి, నీళ్ళు అందకపోతే చెట్టు పైకి పచ్చగా కనిపిస్తూనే లోపల బలహీనమవుతుంది, తుఫానుకి మొదట పడేది అదే. అప్పుడు చెట్లు ప్రమాదం అని మిగతావీ కొట్టేస్తారు. రోడ్డు పక్క ఏ చెట్టు వేయాలో కూడా రాయాలి. తొందరగా పెరుగుతుందని కోనోకార్పస్ వేస్తున్నారు చాలా చోట్ల, గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దని ఆపేసింది. మనకి వేప, కానుగ, నేరేడు, పొన్న ఉండగా ఆ మొక్క దేనికి?

ఒడిశా 2020 నుంచి బడ్జెట్‌తో పాటు క్లైమేట్ బడ్జెట్ అని విడిగా ఒక పుస్తకం ఇస్తోంది. ఏ శాఖ డబ్బులో ఎంత వాతావరణానికి పనికొస్తుందో అందులో చూపిస్తారు. మన అడిగేది ఆ లెక్కకి ముడిపెడదాం. చెరువు గోడ, ఫౌంటెన్ ఖర్చుని వాతావరణ ఖర్చుగా చూపించొద్దు, గెడ్డ తెరిచిన ఖర్చు చూపించండి అని.

నేను రాత్రి కూర్చుని డ్రాఫ్ట్ మొదలుపెట్టాను. పెద్దది చేయను, రెండు పేజీలే. గెడ్డ, అలుగు సర్వే లేకుండా చెరువు డీపీఆర్‌కి సాంక్షన్ వద్దు. నేల పనులకి రేటు పుస్తకంలో ఐటెం, మెయింటెనెన్స్ విడిగా. ఒడ్డుని ఒకటిగా చూడాలి, దిబ్బ, మొగలి ముట్టుకోవద్దు. గజపతి వాలు మ్యాపులు. చెట్టు మొదలు. బాహుదా విడి కాగితం చేద్దాం మాస్టారూ, దీనిలో కలిపితే ఎవరి శాఖ అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

ఛత్రపూర్ వకీలు

బాగుంది. డెవలప్‌మెంట్ ప్లాన్ డ్రాఫ్ట్ వచ్చినప్పుడు అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలని చట్టంలోనే ఉంది, ఆ గడువులోపల వేస్తేనే మన కాగితానికి నంబరు పడుతుంది. గడువు దాటితే అది ఉత్తరం మాత్రమే. కాబట్టి ఇప్పుడే రెడీ చేసి పెట్టుకుందాం. ఒడియాలో ఉండాలి, వెనక ఇంగ్లీషు కాపీ జతచేయాలి, ఒడియా నేను చూస్తాను. ఆర్టీఐ ఫారం ఏ కూడా సోమవారం వేసేస్తా.

రిటైర్డ్ జేఈ (బరంపురం)

రేట్ అనాలిసిస్ నేను వేస్తాను. ఆ చెరువు గెడ్డ లెవెల్స్ (ఎత్తుపల్లాల కొలతలు) కూడా తీద్దాం, మాటలకంటే లెవెల్ బుక్కు బలం. నా దగ్గర ఆటో లెవెల్ ఉంది, ఆదివారం పొద్దున్నే ఎండెక్కకముందు రండి, స్టాఫ్ (కొలత కర్ర) పట్టుకోడానికి ఇద్దరు కావాలి.

భువనేశ్వర్ హాస్టల్

నేను శనివారం రాత్రి బండికి దిగిపోతా సార్. ఇంకొకడిని కూడా తెస్తా.

గాంధీనగర్ వాసి

టెండర్ వేయం అనే లైను మొదటి పేజీలో పైన పెట్టండి, ఆఖర్లో కాదు. అలా పెడితే నేను సంతకం చేస్తాను, పూడిక తీయించిన మా వార్డు వాళ్ళ చేత కూడా పెట్టిస్తాను.

పర్లాకిమిడి మాస్టారు

వాలు మ్యాపుల పేరాలో గ్రామాల పేర్లు మీరు మ్యాపులో చూసి రాయకండి, సవర పెద్దల్ని అడిగి నేను పంపిస్తాను. కొన్ని పాడలకి రికార్డులో ఒక పేరు, నోట్లో ఇంకో పేరు. వెతకడానికి వెళ్ళిన వాళ్ళు తప్పు ఊరికి పోకూడదు.

రేవు కుర్రాడు (గోపాల్‌పూర్)

ఒడియా కాపీ రాగానే పంపండి వకీలన్నా. సాయంత్రం వలలు బాగు చేసుకునేటప్పుడు అందరూ ఒక చోట ఉంటారు, తెలుగులో చదివి వినిపిస్తా. మొగలి, దిబ్బ పేరాలో మా పెద్దోళ్ళు ఏదైనా మార్చమంటే ఇక్కడే రాస్తా, మార్చాకే సంతకాలు.